మిలేతులో ఆగిపోయిన రోగి

మా అమ్మ డయాలసిస్ మీద ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం ప్రార్థన బృందం ఇంటికి వచ్చింది. వచ్చినవాళ్ళు మంచివాళ్ళే. పళ్ళు తెచ్చారు, పాట పాడారు, నిజమైన కన్నీళ్ళతో ప్రార్థన చేశారు. లేచి వెళ్ళబోతూ వాళ్ళలో పెద్దాయన మంచం మీదికి వంగి, "అమ్మా, ఒప్పుకోని పాపం ఏదైనా మిగిలి ఉందేమో చూసుకో. ఆ అడ్డు తొలగితే దేవుడు ఈ క్షణమే ముడతాడు" అన్నాడు. ఆ రాత్రి అమ్మ నిద్రపోలేదు. చిన్నప్పుడు పక్కింటి దొడ్లో చెప్పకుండా కోసుకున్న జామకాయల దగ్గర మొదలుపెట్టి, అత్తగారికి ఎదురు చెప్పిన మాటల దాకా అన్నీ తవ్వుకుంది. వారానికి మూడుసార్లు సూదిపోట్లు ఓర్చుకున్న మనిషి ఆ ఒక్క మాటను ఓర్చుకోలేకపోయింది. ఆ తర్వాత బతికిన ఏడాదిన్నరా ఆమెను బాధపెట్టింది కిడ్నీలు మాత్రమే కాదు.

ఆ పెద్దాయన తన సొంత మాట చెప్పలేదు. మన సంఘాల్లో గాలిలా వ్యాపించిన ఒక నమ్మకాన్ని ఆయన నోరు పలికింది, అంతే. విశ్వాసం గట్టిగా ఉంటే రోగం రాదు, అప్పు ఉండదు, పిల్లల పెళ్ళిళ్ళు ఆగవు, వీసా దరఖాస్తు తిరిగిరాదు. వచ్చిందా, విశ్వాసంలో లోపమో, ఇంట్లో పాపమో, ఎవరో పెట్టిన శాపమో ఉండి తీరాలి. సాక్ష్యాలు చెప్పే వేళ చూడండి. ప్రమోషన్ వచ్చినవాళ్ళు లేస్తారు, గడ్డ కరిగినవాళ్ళు లేస్తారు, కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్ళు లేస్తారు. గడ్డ కరగకపోయినా మందిరానికి వస్తూనే ఉన్న మనిషి వెనక బెంచీలో కూర్చునే ఉంటుంది. ఆమెది సాక్ష్యం కింద ఎవరూ లెక్కవేయరు. డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక పంచే వాగ్దాన కార్డుల సంగతీ అంతే. నేను ఇన్నేళ్ళుగా కార్డు తీసుకుంటున్నాను. ఈ లోకంలో మీకు శ్రమ ఉంటుందని యేసు తన శిష్యులకు చివరి రాత్రి చెప్పిన మాట ఒక్క కార్డు మీదా నాకు కనబడలేదు. అదీ వాగ్దానమే. ఆయన నోటి నుంచి వచ్చిందే.

ఈ నమ్మకం తప్పు. పొరపాటు అని సర్దిచెప్పే తప్పు కాదు, రోగి గుండె మీద బండ పెట్టే తప్పు. బైబిలును వదిలి బైబిలు పేరుతో చెప్పే తప్పు.

దీనికి పునాదిగా చూపించే వచనాల్లో బాగా వాడుకలో ఉన్నది యోహాను మూడో పత్రికలోని రెండో వచనం. అన్ని విషయాల్లో వర్ధిల్లాలి, ఆరోగ్యంగా ఉండాలి అన్న భావం అక్కడ ఉంది. అమెరికా సువార్తికుడు ఓరల్ రాబర్ట్స్ 1947లో ఈ వచనం చదివాకే తన పరిచర్య మలుపు తిరిగిందని చెప్పుకున్నాడు. కానుక విత్తితే దేవుడు ఎన్నో రెట్లు తిరిగిస్తాడనే విత్తన కానుకల బోధ ఆయన చేతిలోనే పెద్దదై, టీవీ ఎక్కి, సముద్రం దాటి మన ఊళ్ళ సభల దాకా వచ్చింది. ఇంతకీ ఆ వచనం ఏమిటి? గాయు అనే స్నేహితుడికి రాసిన ఉత్తరంలో మొదటి పలకరింపు. మన పెద్దవాళ్ళు పోస్టుకార్డు రాసేటప్పుడు "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టేవారు. అలాంటి ఉత్తరం ఒకటి పట్టుకుని, మా మామయ్య మాకు జీవితాంతం క్షేమం రాసిచ్చాడని కోర్టుకు ఎక్కేవాళ్ళు ఉంటారా? ప్రేమతో కోరుకున్న కోరికను రిజిస్టరు చేసిన దస్తావేజుగా చదివారు. దాని మీద అంతస్తు మీద అంతస్తు లేపారు.

ఇక అపొస్తలుల సంగతి. పౌలు చేతి రుమాళ్ళు తాకి రోగులు బాగుపడ్డారని అపొస్తలుల కార్యాలు చెబుతుంది. అదే పౌలు తన శరీరంలో ఒక ముల్లు ఉందని, దాన్ని తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నానని, ప్రభువు తీయలేదని తానే రాశాడు. తీయకుండా చెప్పిన జవాబు ఏమిటంటే, తన కృప చాలునని. తన శిష్యుడు తిమోతి తరచూ జబ్బుపడుతుంటే, నీ విశ్వాసం పెంచుకో అని రాయలేదు. కడుపు నొప్పికి కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. ఆ కాలానికి అదే మందు. ప్రార్థన చేశాం కాబట్టి మాత్రలు ఆపెయ్యి అని చెప్పేవాళ్ళు ఈ ఒక్క వచనం ముందు కాసేపు కూర్చుంటే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో. పౌలు చివరి ఉత్తరంలో, మరణానికి ఎదురుచూస్తూ రాసిన వీడ్కోలు మాటల మధ్య, ఒక చిన్న వాక్యం ఉంది. త్రోఫిము జబ్బుపడితే మిలేతులో విడిచి వచ్చానని. అంతే. ఎందుకు బాగుపడలేదో చెప్పలేదు. త్రోఫిముకు విశ్వాసం చాలలేదనలేదు. తన ప్రార్థనలో శక్తి తగ్గిందని వాపోలేదు. సహచరుడు జబ్బుపడ్డాడు, అతను ఆ ఊళ్ళో ఆగిపోయాడు. మిలేతులో ఆగిపోయిన ఆ రోగికి నేటి మన సభల్లో చోటు ఉందా?

అసలు కష్టానికి కారణం పాపమే అన్న వాదం కొత్తదేమీ కాదు. యోబు గ్రంథంలో ఎలీఫజు, బిల్దదు, జోఫరు ముగ్గురూ అధ్యాయాల కొద్దీ చెప్పింది అదే. నీతిమంతుడు నాశనమైన దాఖలా ఉందా, నువ్వేదో చేసే ఉంటావు, ఒప్పేసుకో, మళ్ళీ వర్ధిల్లుతావు. వాళ్ళ ప్రసంగాలు చదువుతుంటే మా ఇంటికొచ్చిన పెద్దాయన గొంతే వినిపిస్తుంది. ఆ గ్రంథం ముగింపులో దేవుడు తీర్పు చెబుతాడు. అరిచి, నిలదీసి, పుట్టిన రోజును శపించిన యోబు తన గురించి సరిగ్గా మాట్లాడాడని, దేవుణ్ణి వెనకేసుకొచ్చిన ఆ ముగ్గురూ సరిగ్గా మాట్లాడలేదని. వాళ్ళ కోసం ప్రార్థన చేయాల్సినవాడు యోబు. రోగి లేచి, పరామర్శకు వచ్చినవాళ్ళ కోసం విజ్ఞాపన చేయాల్సి వచ్చింది. ఇంత స్పష్టమైన తీర్పు ఉండగా ఓడిపోయిన పక్షం వాదననే మనం ప్రసంగ పీఠం ఎక్కించుకున్నాం.

యేసు దగ్గరకూ ఈ ప్రశ్న వచ్చింది. పుట్టుగుడ్డిని చూసి, పాపం ఇతనిదా, కన్నవాళ్ళదా అని శిష్యులు అడిగితే, ఎవరిదీ కాదన్నాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్ళు యెరూషలేములో అందరికంటే పాపులనుకుంటున్నారా అని ఆయనే ఎదురడిగి, కాదని చెప్పాడు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేలమంది కొట్టుకుపోయారు. వాళ్ళలో ప్రతి ఆదివారం మందిరానికి వెళ్ళేవాళ్ళు ఉన్నారు, వెళ్ళనివాళ్ళు ఉన్నారు. సముద్రం ఎవరి విశ్వాసాన్నీ తూచి చూడలేదు. ఆ శవాల మధ్య నిలబడి లెక్కలు కట్టే ధైర్యం ఎవరికీ ఉండకూడదు. యేసు కట్టలేదు.

మరి కష్టం శాపం కాకపోతే ఏమిటి? ఇక్కడ మన తెలుగు మాటే కొంత గందరగోళం పెట్టింది. పాపానికి లాగే ఆకర్షణనూ, నిగ్గు తేల్చే పరీక్షనూ మన మందిరాల్లో ఒకే మాటతో 'శోధన' అంటాం. గ్రీకులోనూ ఒకే మాట రెండు పనులూ చేస్తుంది. అందుకే యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయంలోనే తేడా చెప్పాల్సి వచ్చింది. రకరకాల పరీక్షల్లో పడినప్పుడు సంతోషించమన్న కలంతోనే, దేవుడు ఎవరినీ చెడుకు లాగడని రాశాడు. పాపంలోకి లాగేది ఒకరు, పాపం నుంచి పైకి లాగేది ఒకరు. ఒకే సంఘటనలో ఇద్దరి చేతులూ ఉండొచ్చు. ఎవరి చెయ్యి పట్టుకుంటామన్నది మన వంతు.

సర్వజ్ఞుడైన దేవునికి పరీక్ష పెట్టి తెలుసుకోవాల్సిన అవసరం ఏమిటని కొందరు తెలివైనవాళ్ళు అడుగుతారు. సరైన ప్రశ్నే. పరీక్ష అనగానే మనకు హాల్ టికెట్, మార్కులు, పాసు, ఫెయిలు గుర్తొస్తాయి. పేతురు మాత్రం కంసాలి కొలిమిని గుర్తుచేశాడు. కంసాలి దగ్గర రెండు రకాల పరీక్షలు ఉంటాయి. గీటురాయి మీద గీస్తే బంగారం వన్నె ఎంతో తెలుస్తుంది, బంగారం మాత్రం మారదు. పుటం పెడితే మారుతుంది. కలిసిపోయిన రాగి, మట్టి, మసి విడిపోయి శుద్ధమైనది మిగులుతుంది. దేవుని పరీక్ష గీటురాయి కాదు, పుటం. ఆయన తెలుసుకోవడానికి కాదు, మనం మారడానికి. రోమా పత్రిక అయిదో అధ్యాయంలో పౌలు శ్రమ నుంచి ఓర్పు, ఓర్పు నుంచి మరొకటి పుడుతుందంటాడు. ఆ మరొకదానికి గ్రీకులో వాడిన మాట 'దొకిమే'. నిప్పుల్లోంచి బయటికొచ్చాక నిగ్గుతేలిన గుణం అని దాని భావం. మన పాత తెలుగు బైబిలు దాన్ని 'పరీక్ష' అనే అంది. నిజానికి అది పరీక్షలోంచి వచ్చే ఫలితం. మనిషి శీలం.

పుటం పెట్టేది పారెయ్యడానికి కాదు. పారేసే వస్తువును ఎవరూ పుటం పెట్టరు.

ఇది మాటల గారడీ అనుకునేవాళ్ళను మన సంఘాల పుట్టుక దగ్గరకు రమ్మంటాను. తెలుగు బాప్టిస్టు మిషను 1836లో మొదలైంది. మూడు దశాబ్దాలపాటు చెప్పుకోదగిన ఫలం లేదు. మూసేద్దామని అమెరికాలోని మిషను పెద్దలు మూడుసార్లు ఆలోచించారు. నేటి కొలతతో కొలిస్తే అక్కడి మిషనరీ లైమన్ జూయెట్ విశ్వాసం లేనివాడే. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆయన, ఆయన భార్య, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం అయిదుగురు ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని మోకరించారు. ఆ సేవకుడు జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ళు. అన్ని జనవరి ఒకటో తేదీలు ఖాళీగా గడిచిపోయాయి. ఆ ఖాళీ వాళ్ళను కొండ దింపలేకపోయింది.

1866లోనే తాళ్ళకొండపాడు అనే పల్లెకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య బాప్తిస్మం పొందారు. పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. ఆయన మాట విని ఆ చుట్టుపక్కల పల్లెలవాళ్ళు కదిలారు. వాళ్ళు పట్టుకున్న నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మొక్కనివాడు ఊరి జాతరలో డప్పు కొట్టడు. ఆ కాలంలో ఈ నియమాల ఖరీదు ఎంతో పల్లె తెలిసినవాళ్ళకే అర్థమవుతుంది. క్లౌ స్వయంగా రాసుకున్నాడు. ఊరివాళ్ళు చాకలి బట్టలు ఉతకకుండా కట్టడి చేశారు. కుమ్మరి కుండ అమ్మకుండా చేశారు. ఊరి బీట్లో పశువుల్ని మేయనీయలేదు. చెప్పులు కుట్టే పని ఇవ్వలేదు. కోతల కాలంలో కళ్ళం దగ్గరకు రానీయలేదు. ఏడాది పొడుగునా చేసిన చాకిరీకి కళ్ళంలో దొరికే గింజలే ఆ ఇంటి బతుకు.

వర్ధిల్లే బోధ ఆ రోజుల్లో తాళ్ళకొండపాడుకు వచ్చి ఉంటే ఏం చెప్పేది? మీరు నమ్మిన మరునాడే కళ్ళం పోయింది, కుండ పోయింది. అంటే మీ నమ్మకంలోనే ఏదో లోపం ఉంది. పేరయ్యకు ఆ బోధ చెప్పేవాళ్ళు లేకపోవడం తెలుగు క్రైస్తవుల అదృష్టం. ఊరు అన్నీ ఆపేసినా వాళ్ళు చచ్చిన పశువు దగ్గరకు మళ్ళీ పోలేదు. నీ బతుకింతే అని తరతరాలుగా చెప్పిన ఊరి ముందు, ఆకలి కడుపుతో, ఇక చేయమని నిలబడ్డారు. శీలం అంటే ఇదే. సుఖంలో ఉన్నవాడికి ఈ మాట నోటితో చెప్పడం సులువు, ఒంటితో చెప్పడానికి వాళ్ళు ఆ పుటంలోంచి రావాల్సి వచ్చింది.

తర్వాత 1876లో మహా కరువు వచ్చింది. ఆ కరువు దేవుడు పెట్టిన పరీక్ష అని చులకనగా చెప్పను. వానలు పడలేదు, నిజమే. ప్రజలు మలమల మాడుతుంటే ధాన్యం ఓడలెక్కి పోయింది, అది మనుషులు చేసిన పాపం. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చాడు. వేలమంది వచ్చారు. బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి చేతిలో పెడుతూ విశ్వాసం అడగకూడదని ఆయన పట్టుదల. పంచే డబ్బు అయిపోయింది, కరువు పని ముగిసింది. అప్పుడు తలుపు తెరిచాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి తెలుగు బోధకులు బాప్తిస్మం ఇచ్చారు. అన్నం కోసం మతం మారారని నేటికీ ఎగతాళి చేసేవాళ్ళు ఈ వరుస ఒక్కసారి చూడాలి. అన్నం పెట్టిన రోజుల్లో తలుపు మూసి ఉంది. అన్నం ఆగిపోయాక జనం వచ్చారు. ఆ ఎగతాళి కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఒకటుంది. ఆ 2,222 మంది మునిమనవలే నేడు మైకు పట్టుకుని, దేవుని దగ్గరకు వస్తే డబ్బు వస్తుందని చెబుతున్నారు. క్లౌ ఏడాదికి పైగా గట్టిగా మూసిపెట్టిన తలుపు అదే.

ఇక్కడ మరో పక్కనుంచి వచ్చే మాటకూ జవాబు చెప్పాలి. "అయితే అన్నీ దేవుని పరీక్షలేనంటారు, నోరు మూసుకుని పడుండమంటారు" అని. లేదు. తాగి వచ్చి కొట్టే భర్త దగ్గర కూతుర్ని వదిలి, ఓర్చుకో అమ్మా, ఇది శోధన అని చెప్పిన తల్లులను, అయ్యగార్లను నేను చూశాను. అది బోధ కాదు, ద్రోహం. పరీక్ష గురించి అంత గొప్పగా రాసిన యాకోబే అదే పత్రిక అయిదో అధ్యాయంలో, పొలం కోసిన కూలీల కూలి ఎగ్గొట్టిన ఆసాములను చీల్చి చెండాడాడు. ఎగ్గొట్టిన కూలి మొరపెడుతోందన్నాడు. కూలీల దగ్గరకు వెళ్ళి, ఇది మీకు పరీక్ష, సంతోషించండి అనలేదు. పరీక్ష అన్న మాట బాధ పడుతున్న మనిషి తన నోటితో తన గురించి చెప్పుకోవాల్సిన మాట. పక్కవాడు చెప్పకూడదు. కొట్టినవాడు అసలే చెప్పకూడదు.

కష్టం వచ్చినవాళ్ళందరూ గట్టిపడరు కదా అని కూడా అంటారు. నిజమే. విరిగిపోయినవాళ్ళను నేనూ ఎరుగుదును. నొప్పి తనంతట తాను ఎవరికీ ఏమీ నేర్పదు. నొప్పిలో ఉన్నవాడు దేవునితో మాట్లాడటం ఆపకపోతే, తోటివాళ్ళు అతణ్ణి ఒంటరిగా వదలకపోతే, అప్పుడు ఆ నిప్పు పుటం అవుతుంది. అందుకే కీర్తనల్లో అంత ఏడుపు ఉంది. 88వ కీర్తన మొరతో మొదలై చీకటిలోనే ముగుస్తుంది, చివర స్తుతి కూడా లేదు. దాన్ని తీసెయ్యకుండా ప్రార్థన పుస్తకంలో ఉంచినవాళ్ళకు విశ్వాసం అంటే ఏమిటో తెలుసు. మనం మాత్రం ఏడుస్తున్న మనిషిని ఏడవనీయకుండా హల్లెలూయ చెప్పమంటున్నాం.

కష్టమే పరీక్ష అనుకోవడం కూడా సగం నిజమే. ద్వితీయోపదేశకాండం ఎనిమిదో అధ్యాయం తీసి నెమ్మదిగా చదవండి. నలభై ఏళ్ళ అరణ్యం ఇశ్రాయేలీయుల మనసులో ఏముందో బయటపెట్టడానికి జరిగిన పరీక్ష అని అక్కడ ఉంది. అయితే మోషే భయపడింది అరణ్యం గురించి కాదు. అరణ్యం దాటాక కట్టుకునే మంచి ఇళ్ళ గురించి, పెరిగే మందల గురించి, పోగుపడే వెండి బంగారాల గురించి. కడుపు నిండాక, ఇదంతా నా చేతి బలమే అనుకుంటారని. అంటే ప్లాటు కొన్నరోజు, అమెరికాలో కొడుక్కి ఉద్యోగం వచ్చినరోజు, పరీక్ష ముగిసినట్టు కాదు, పెద్ద పరీక్ష మొదలైనట్టు. డల్లాస్‌లో, న్యూజెర్సీలో మన తెలుగు సంఘాలు హాళ్ళు నింపుకుంటున్నాయి. వాళ్ళ కోసం నేను చేసే ప్రార్థన, మా అమ్మ కోసం చేసిన ప్రార్థన కంటే తక్కువ భయంతో చేసేది కాదు.

అమ్మ చివరి నెలల్లో ఒక మార్పు చూశాను. ఆ పెద్దాయన మాట ఆమెను చాలాకాలం తిన్నది. ఆ తర్వాత ఎప్పుడో, ఎవరూ చెప్పకుండానే, పాపాల జాబితా రాయడం మానేసింది. డయాలసిస్ సెంటర్లో పక్క మంచం మీద ఉండే కుర్రాడికి ఇంటి నుంచి ఇడ్లీ తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. అతను వేరే మతం. ఉప్పు తగ్గించి చేయించేది. అతను రానిరోజు ఫోను చేయించేది. ఒళ్ళు బాగున్న రోజుల్లో మా అమ్మ కొంచెం కోపిష్ఠి, పరాయివాళ్ళను దగ్గరకు రానిచ్చే మనిషి కాదు. రోగం తగ్గలేదు. మనిషి మెత్తబడింది. స్వస్థత సభలో చెప్పడానికి పనికొచ్చే సాక్ష్యం కాదిది. నేను కళ్ళారా చూసిన అద్భుతం మాత్రం ఇదొక్కటే.

రోగుల ఇళ్ళకు ప్రార్థనకు వెళ్ళే అన్నలకు, అక్కలకు ఒక మనవి. యోబు స్నేహితులు నోరు తెరవక ముందు ఒక మంచి పని చేశారు. దూరం నుంచి అతణ్ణి చూసి గుర్తుపట్టలేక ఏడ్చి, ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితో పాటు నేల మీద కూర్చున్నారు, ఒక్క మాటా మాట్లాడలేదు. ఈసారి మీరు వెళ్ళేటప్పుడు పళ్ళు తీసుకెళ్ళండి, పాట పాడండి, బాగుచేయమని దేవుణ్ణి గట్టిగానే అడగండి. తర్వాత కుర్చీ లాక్కుని మంచం పక్కన కాసేపు కూర్చోండి. పాపం సంగతి అడగకండి.